లోపలి కొలత

పొయ్యి మీద మైదా జిగురు ఉండకట్టకుండా ఆమె కలుపుతుంటే, ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "ఈసారి మాస్కుకి ముక్కు కాస్త సన్నగా చెయ్యి. ఆవిడది సన్న ముక్కు," అన్నాడు.

ఆవిడంటే ఎవరో ఆమె అడగలేదు. ఆయన డ్రామా నేర్పే కాలేజీలో కొత్తగా చేరిన జూనియర్ టీచరు. చేరింది మొదలు ఇంట్లో అన్నం దగ్గర ఆ పిల్ల కబుర్లే. గాలిలో తేలుతున్నట్టు నడుస్తుందని ఆయన మురిసిపోతుంటే, ఆమె మనసులోనే ఆ పిల్లకి గాలిపటం అని పేరు పెట్టుకుంది. పేరు పెట్టి ఊరుకుందా, ఆ గాలిపటం ఏ కరెంటు తీగకో చిక్కుకుంటే బావుండునని కూడా అనుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో తన ముక్కు సన్నమో లావో ఈ మనిషి ఏనాడైనా చూశాడా? కడుపులో మంట, పొయ్యి మీద మంట, రెండూ తగ్గించకుండానే గరిటె తిప్పింది.

"వండుకునే గిన్నెలో ఆ జిగురేంటే?" అని హాల్లోంచి అత్తగారు.

"వేరే గిన్నె లేదత్తయ్యా."

"మాస్కుల మాస్టారు" అంటే చాలు, ఆయనే అని అందరికీ తెలుసు. ఆ క్లాసులో స్క్రిప్టు ఉండదు. ఆయన ఒక సందర్భం చెప్తాడు, మాస్కు పెట్టుకున్నవాళ్ళు అప్పటికప్పుడు దాన్ని అల్లుకుపోవాలి. ముఖం దాగేసరికి నోట్లో నాలుక లేని పిల్లలు కూడా ఒళ్ళంతా మాట్లాడేస్తారు. దానికి నియమాలున్నాయి. చూసేవాళ్ళకి వీపు పెట్టి మాస్కు తొడుక్కోవాలి, అద్దంలో చూసుకుని అప్పుడు ఇటు తిరగాలి. నోరు మెదపకూడదు. చెయ్యి తగిలితే మాస్కు చచ్చిపోయినట్టే. మాస్కులో ఉన్న మనిషిని ఎవరూ పిలవకూడదు, టీచరైనా సరే ఆపకూడదు. తనంతట తాను మళ్ళీ వీపు తిప్పేదాకా అందరూ ఉన్నచోటే ఆగాల్సిందే. ఇద్దరూ కలిసి నాటకాలు నేర్చుకునే రోజుల్లో ఈ నియమాల్లో సగం ఆమె పెట్టినవే. ఇప్పుడవి సార్ నియమాలు.

మాస్కులు మాత్రం ఇప్పటికీ ఆమే చేస్తుంది. మొదట్లో అచ్చు కోసం ఆయన ముఖం మీదే ప్లాస్టరు వేశారు. గడ్డం పీకేస్తోందని గావుకేక పెట్టి లేచి కూర్చున్నాడు. "కదలకుండా పడుకోవడం నీకే చేతనవుతుంది," అని ఆమెను పడుకోబెట్టాడు. ప్లాస్టరు ఆరుతుండగా కుక్కరు మూత ఎక్కడ పెట్టావంటూ అత్తగారు ఇల్లెగిరిపోయేలా అరిచినా, ఆమె పలకలేక అలాగే పడుకుంది. పలకలేదని ఆవిడ మర్నాటిదాకా మూతి ముడుచుకుంది. ఆ అచ్చు మీదే ఇప్పటికీ కాగితం ముక్కలు జిగురులో ముంచి పొరలు పొరలుగా అతికిస్తోంది. పైకి ముసలిది కావాలంటే ముసలిది, దొంగ కావాలంటే దొంగ. లోపల మాత్రం ఒకే ముఖం. ఆ సంగతి ఆయన ఎప్పుడో మర్చిపోయాడు. నిజం చెప్పాలంటే, ఆమె కూడా మర్చిపోయింది.

ఆ జూనియర్ ఉద్యోగం ఖాళీ అయినప్పుడు, "నేను అడగనా?" అని ఆమె ఒక్కసారి అంది. "మొగుడూ పెళ్ళాం ఒకేచోటంటే నవ్విపోతారు," అన్నాడు. ముద్ద కలుపుకుంటూ, "అమ్మనెవరు చూస్తారు?" అన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "అయినా నీకు అలవాటు తప్పిపోయింది కదా," అన్నాడు. ఆ మూడో మాట అనకపోతే మిగతా రెండూ మింగేసేదే. "ఈ వయసులో గెంతులేమిటే!" అని అత్తగారు నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

కొత్త మాస్కు ఆరింది. బయట ముక్కు సన్నగానే మలిచింది. మాస్కుల పెట్టె స్కూటరు మీద పట్టదు కాబట్టి, "మధ్యాహ్నం బస్సులో తెచ్చి క్లాసు గుమ్మం దగ్గర పెట్టేసి వెళ్ళిపో," అని పురమాయించి ఆయన వెళ్ళిపోయాడు.

ఆమె పెట్టేసి వెళ్ళిపోలేదు. గాలిపటాన్ని చూడాలి. చీరైనా మార్చుకుని రాలేదే అని ఒకపక్క ఉడుక్కుంటూనే లోపలికి వెళ్ళి గోడవారగా నిలబడింది. బెంచీలు పక్కకి జరిపారు. మధ్యలో ఒక కుర్చీ, వెనక నిలువుటద్దం. ఆ పిల్ల ఆమె ఊహించుకున్నట్టు సోకుగా లేదు. మోకాళ్ళ దగ్గర మాసిపోయిన ప్యాంటు, వట్టి కాళ్ళు. "ఎదురుచూస్తున్న మనిషి," అన్నాడాయన. ఆ పిల్ల కొత్త మాస్కు తొడుక్కుని ఇటు తిరిగి, కుర్చీ తలుపు వైపు లాక్కుని, అంచు మీద కూర్చుంది.

బాగా చేస్తోంది. అదే ఆమెకి మింగుడుపడలేదు. ఆ పిల్ల తన మొగుణ్ణి ఎగరేసుకుపోతుందేమోనని ఇన్నాళ్ళూ కుళ్ళుకుంటున్నాననుకుంది. ఎగరేసుకుపోతే పోనీ, చొక్కాల ఇస్త్రీ తప్పుతుంది! ఓర్చుకోలేనిది ఆ మనిషిని కాదు, ఆ వట్టి కాళ్ళ కింది నేలని. ఆ నేల తనది. ఆ కుర్చీ తనది.

ఇంతలో ఆ పిల్ల చెయ్యి ముక్కు మీదికి పోయింది. "చచ్చిపోయింది!" అని పిల్లలు గోల చేశారు. మాస్కు తీసేసరికి ముక్కు దూలం ఎర్రగా కందిపోయి ఉంది.

"మేడం, ఏమనుకోకండి," అంది ఆ పిల్ల దగ్గరికొచ్చి. "ఇవన్నీ ఎవరి కొలతకి చేశారు? మాలో ఎవ్వరికీ పట్టవు. లోపల దూది పెట్టుకుని లాక్కొస్తున్నాం."

ఆయన నవ్వేశాడు. "ఇంటి పనిలో పడి ఆవిడకి కొలతలెక్కడ గుర్తుంటాయి! ఇదిగో, లోపల కాస్త గీకెయ్యి," అంటూ గరుకు కాగితం అందించాడు.

ఆమె మాస్కు అందుకుంది, గరుకు కాగితం అందుకోలేదు. బొటనవేలితో లోపలి పక్క తడిమింది. ఎడమ చెంప దగ్గర ఎత్తు, గడ్డం కింద నొక్కు. ఎవరి కొలతో వేలికి తెలిసింది. చెప్పులు విడిచింది. అందరికీ వీపు పెట్టి తొడుక్కుంది. ఎలాస్టిక్ తగిలించకముందే అది ముఖాన్ని పట్టుకుంది. అద్దంలో చూసుకుని ఇటు తిరిగింది.

తలుపు వైపున్న కుర్చీని పిల్లల వైపు తిప్పింది. వెనక్కి వాలి, కాళ్ళు బారజాపి కూర్చుంది. ఎవరికోసమూ ఎదురుచూడని ఆ కూర్చున్న తీరు చూసి మొదట ఒకడు కిసుక్కుమన్నాడు, తర్వాత వాడే ముందుకి వంగి చూడసాగాడు.

"ఏమిటిది? అమ్మ ఒక్కత్తే ఉంది ఇంట్లో," అన్నాడాయన.

"సార్, మాస్కులో ఉన్నవాళ్ళని పిలవకూడదు కదా," అంది గాలిపటం, ఆమె మీంచి కళ్ళు తిప్పకుండానే. ఆ చూపు ఎలాంటిదో ఆమె ఇట్టే గుర్తుపట్టింది. ఇందాకటిదాకా అది తన చూపే.

ఆయన వాచీ చూసుకున్నాడు. బెల్లు కొట్టారు. పక్క గదుల్లోంచి అందరూ వెళ్ళిపోతున్న చప్పుడు. ఆమె వీపు తిప్పితే తప్ప ఇక్కడ ఎవరూ కదలడానికి లేదు.

ఆమె తిప్పలేదు.