మడిచిన చాప

తట్టడమంటే ఎంతసేపు, రెండు వేళ్లు భుజానికి తగిలిస్తే చాలు, తగిలినవాళ్లు తలెత్తకుండా లేచి వెనక గోడ దగ్గరికి పోతారు, నాన్న దాసయ్య చర్చి సంఘానికి పెద్దగా ఉన్నప్పుడూ అట్లాగే పోయేవాళ్లు, ఇప్పుడు పెద్ద తాను, వేళ్లు తనవి, సాలోమోను కుడిచెయ్యి విప్పి చూసుకుని మళ్లీ మూసుకున్నాడు, బడిపంతులు పని మానేసి ఏళ్లయినా ఆ వేళ్ల సందున సుద్దముక్క తెలుపు ఇంకా ఉన్నట్టే ఉంటుంది, బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె ఉంది, గిన్నె ఉంది, జమ్మలమడుగు నుంచి నెలకోసారి వచ్చే పడుచు పాస్టరు పాట పాడుతూ చేతులు తుడుచుకుంటున్నాడు, ఈ పల్లె గొడవలు ఆయనకు తెలియవు, పెద్ద ముందు నడుస్తాడు, పెద్ద ఎవరి భుజం తడితే వాళ్లకు బల్ల, అంటే ఆ రొట్టె, ఆ గిన్నె, ఆపినట్టు, మిగిలినవాళ్లకు ఆయన ఇచ్చుకుంటూ పోతాడు, ఎందుకు ఆపారని అడగడు, అడగని మనిషి గొంతు ఎంత తేటగా ఉందో.

ఆడవాళ్లు మోకరించారు, ఈ చివర అక్క కరుణమ్మ, ఆ చివర సంతోషమ్మ, ఏడాదిగా చర్చి గడప తొక్కని సంతోషమ్మ ఈరోజు తలనిండా కొంగు కప్పుకుని వచ్చి కూర్చుంది, పొద్దున గంట కొట్టకముందే అక్క తన వాకిట్లోకి వచ్చి నిలబడింది, ఒరే అబ్బీ, అది ఈ పొద్దు బల్లకొస్తాదంట, దాని భుజం తట్టకుండా దాటినావంటే నాకు తమ్ముడు లేడనుకుంటా, నీ మేనల్లుని దుప్పట్లో మూటగట్టి తెచ్చిండేది మర్చిపోయినావా, మర్చిపోలేదు, పెద్దముడియం దారిలో వంక దాటుతుంటే తమ పార్టీ నాయకుడు పెద్దాయన జీపు మీద నాటుబాంబులు పడ్డాయి, పెద్దాయన చేతికి దెబ్బతో బతికాడు, వెనక సీట్లో కూర్చున్న అక్క కొడుకు జయరాజు బతకలేదు, దుప్పట్లోంచి ఒక చెప్పు జారి పడితే అక్క దాన్ని కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది, జీపు ఏ దారిన వస్తుందో అవతలి పార్టీకి చెప్పింది సంతోషమ్మ మొగుడు ఆనందయ్య, వాడు కడప జైల్లో ఉన్నాడు, సరే, వాడి శిక్ష వాడు పడుతున్నాడు, మరి వాడి పెళ్లానికి బల్ల ఆపాం, మాట ఆపాం, ఆ ఇంట్లో ఎవరు పోయినా సమాధుల దొడ్డిలో చోటు లేదన్నాం, ఆమె అత్త మంచంలో ఉంది, ఎండలు ముదిరితే ఆ ముసలమ్మ ఉండదు, అప్పుడు ఎక్కడ పెడతారు.

గ్రంథంలో వాక్యముంది కదమ్మా అన్నాడు తాను, నిన్న కొళాయి దగ్గర, సంతోషమ్మ బిందె పెట్టి చుట్టూ ఎవరూ లేకుండా చూసి, మామా, ఒక మాట అడగాల, మా ఆయప్ప చేసేది నాకు చెప్పి చేసినాడా, అంటే, అంతే అన్నాడు, వాక్యముంది అని, ఉంటే ఉన్ని మామా, ఆ వాక్యం చూసినాక నన్ను ఆపినారా, నన్ను ఆపాలనుకున్నాక వాక్యం చూసినారా, బిందె నిండింది చూడమ్మా అన్నాడు, బిందె నిండి ఎప్పట్నుంచో పొర్లుతూనే ఉంది.

నాన్న కూడా అంతే, శనక్కాయలు దొంగిలించాడని అన్నను గుంజకు కట్టేసి, కొట్టేముందు పక్కన మోకరించి ప్రార్థన చేశాడు, ప్రార్థన ఎంత పొడుగైతే చింతబరికె అంత గట్టిగా పడేది, నేను గాదురా, దేవుడు కొట్టిస్తాండాడు, అనేవాడు, కానీ నుదుటి మీద చెమట నాన్నదే, రొప్పుతున్న రొమ్ము నాన్నదే, ఆ రోజు దేవుడికి ఎక్కడా చెమట పట్టలేదు, ఈ మాట ఇన్నేళ్లూ ఎందుకు తట్టలేదు, పాట అయిపోయింది, పాస్టరు పళ్లెం ఎత్తుకున్నాడు, పోదామా పెద్దయ్యా అన్నాడు మెల్లగా.

నడుస్తున్నాడు, అక్క ముందుకు వచ్చాడు, అక్క తలెత్తి చూసింది, ఆ కళ్లలో చెప్పు ఉంది, కొంగు ఉంది, తాను చూడలేక అడుగు ముందుకు వేశాడు, ఏడాది కిందట పెద్దాయన వాకిట్లో కూడా తాను ఇట్లాగే చూపు దించుకున్నాడు, చేతికి కట్టుతో నులకమంచం మీద పెద్దాయన, ఆ కొంపను పల్లెలో లేనట్టే చెయ్యాల, మీ దేవుడేమంటాడో చూడప్పా సాలోమోనూ, సదువుకున్నోడివి, అంటే ఇంటికి పోయి గ్రంథం తెచ్చాడు, వెతకనక్కర్లేకపోయింది, తండ్రి దోషం పిల్లల మీదికి, వాళ్ల పిల్లల మీదికి, అదే పుస్తకంలో ఇంకోచోట ఎవరి పాపం వాళ్లదే అనే మాటా ఉంది, అది తెలియకనా, ఆ పుట దగ్గర బొటనవేలు ఆగింది కూడా, ఆగి దాటేసింది, చదివి వినిపించగానే పెద్దాయన తొడ చరిచి, అయితే మీ దేవుడు గూడా మన పార్టీనే అన్నాడు, అందరూ నవ్వారు, తానూ నవ్వాడు, ఆ నవ్వు ఇప్పుడు ఇక్కడ, ఈ నాపరాళ్ల మధ్య, చెవిలో మోగుతోంది.

సంతోషమ్మ దగ్గరికి వచ్చేశాడు, పక్కనున్న ఆడవాళ్లు ఆమెకు తగలకుండా జరిగి చాపను తమవైపు మడిచేసుకున్నారు, ఆమె మోకాళ్లు ఉత్త రాతి మీద ఉన్నాయి, చర్చి అంతా తన రెండు వేళ్ల వైపే చూస్తోంది, వేళ్లు చాచుకునే ఉన్నాయి, వెనక పాస్టరు పళ్లెం పట్టుకుని ఆగాడు, ఆమె అడిగింది నిజమే, శిక్ష ముందు ఖాయమైంది, వాక్యం తర్వాత వచ్చింది, తీసుకొచ్చింది తాను, అక్క ఏడుపు అక్కది, పగ పెద్దాయనది, భయం తనది, ఇందులో దేవుడిది ఏముంది, ఏమీ లేదు.

సాలోమోను వంగాడు, ఆమె భుజం తనంతట తానే బిగుసుకుంది, మోకాలు రోంత ఎత్తమ్మా అని, మడిచిన చాప అంచు పట్టుకుని, ఆమె కిందికి పరిచాడు.