గేదె చెప్పాల్సిన తేదీ

పోయిన ఏడాది ఫ్రెంచి కోర్సులో భాగంగా నేను ఫ్రాన్స్‌లో ఓవెర్న్ అనే కొండల ప్రాంతంలో మూడు వారాలున్నాను, ఒడీల్ గారింట్లో. ఆవిడకి అరవై రెండేళ్ళు, పద్దెనిమిది ఆవులు, చీజ్ చేయడమే పని. ఇంటి కింద రాతి గదిలో పీటలంత వెడల్పు చీజ్ దిమ్మలు చెక్క బల్లల మీద నెలల తరబడి పండుతుంటాయి. వాసన చూస్తే తడిసిన గోనెసంచి, నాలిక మీద పెట్టుకుంటే వేయించిన వేరుశెనగ! బంగాళాదుంపల్లో పచ్చి చీజ్ కలిపి గరిటె పైకెత్తితే మూరెడు పొడుగున తీగలు సాగుతాయి, ఆవిడ నవ్వుతూ కత్తెరతో కోసినట్టు నటిస్తారు. ఆ బల్ల దగ్గర కూర్చునే నాకు ఆలోచన తట్టింది. మా తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు కూడా ఇలా జనాన్ని తిప్పి తినిపించొచ్చు కదా?

ఈ నవంబరులో ఒడీల్ గారు నిజంగానే వచ్చేశారు! నాలుగు రోజులు. ఆవిడకి నచ్చితే జనవరిలో వాళ్ళ ఊరి నుంచి పన్నెండు మంది వస్తారు, నా మొదటి ట్రిప్పు మొదలవుతుంది. నచ్చకపోతే నేను హైదరాబాదు వెళ్ళి బ్యాంకు కోచింగులో చేరాలి. నాన్నతో ఒప్పందం అదే.

మూడు రోజులు ఘోరంగా గడిచాయి.

తెనాలిలో మా అమ్మ దిబ్బరొట్టె వేస్తుందనుకుంటే బ్రెడ్డు కాల్చి ఆమ్లెట్ పెట్టింది. "పాపం, ఆవిడకి అరగదే" అంది. సూర్యలంకలో పడవ దిగిన పీతలు బుట్టలో కదులుతుంటే ఒడీల్ గారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు, తీరా వండిపెట్టిన ఆయన కారం, పులుపు ఏమీ లేకుండా ఉడకబెట్టి పక్కన టమాటా సాస్ సీసా నిలబెట్టాడు. బాపట్లలో నాన్న స్నేహితుడింట్లో నూడుల్స్. ప్రతి చోటా ఎక్కడినుంచో వెతికి తెచ్చిన ఫోర్కు!

ఒడీల్ గారు మర్యాదగా అంతా తిన్నారు. కానీ ఆవిడ దగ్గర ఒక చిన్న ఎర్ర నోటుపుస్తకం ఉంటుంది, కొత్త రుచి దొరికితే వెంటనే రాసుకుంటారు. మూడు రోజుల్లో దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. నేను లెక్కపెడుతూనే ఉన్నాను.

ఇక మిగిలింది భట్టిప్రోలులో మా మేనత్త కమలమ్మ ఇల్లు. ముందు రోజే ఫోన్ చేశాను.

"అత్తా, నీకు దణ్ణం పెడతా, మీరు రోజూ తినేదే పెట్టు. ఇంకేం వద్దు."

"నువ్వు ఊరుకోవే. ఇంటికొచ్చిన మనిషికి ఏం పెట్టాలో నాకు తెలీదా?"

తెలుసు, అందుకే భయం.

మర్నాడు మధ్యాహ్నం కాలవ గట్టు మీద ఆటో దిగి లోపలికి వెళ్ళేసరికి టీవీ ముందు ప్లాస్టిక్ టేబుల్, దాని మీద కొత్త దుప్పటి, ఆ దుప్పటి మీద రేపల్లె నుంచి పార్సెల్ తెప్పించిన ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా, గులాబీ రంగు క్రీము కేకు, రెండు లీటర్ల కూల్‌డ్రింకు. నాకు ఏడుపొచ్చింది.

"ఏంటత్తా ఇది?"

"ఏమైందే? పొద్దున్నే మీ మావయ్యని బండి మీద పంపించి తెప్పించా. ఫ్రాన్స్ నుంచొచ్చిన మనిషికి మన పులుసులు పెడితే ఎంత నామోషీ!"

మోషే మావయ్య ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయన రిటైరైన టీచరు, ప్రార్థన కూడా పాఠంలాగే చెప్తాడు. ప్రయాణం చేయించినందుకు స్తోత్రం, విమానం దింపినందుకు స్తోత్రం, ఫ్రాన్సు దేశాన్నీ అక్కడి పశువుల్నీ దీవించమని మనవి. ఫ్రైడ్ రైస్ చల్లారిపోయింది.

ఆమెన్ అన్నామో లేదో, పెరటి వైపు నుంచి పక్కింటి కోటిరత్నం గారు స్టీలు గిన్నె పట్టుకుని వచ్చారు. గిన్నెలో రెండు మునక్కాడల ముక్కలు.

"వదినా, ఇదిగో నీ గిన్నె. జున్ను ఏం కుదిరిందీ! మా ఆయన గిన్నె గీకి గీకి తిన్నాడు."

అత్త కళ్ళతో ఊరుకోమని సైగ చేసింది. కోటిరత్నం గారు అలాంటివి చూడరు.

"ఈ తల్లికి పెట్టలా?"

"నువ్వు వెళ్ళవమ్మా!"

"ఎందుకు పెట్టలేదు? మొన్న గేదె ఈనింది కదా, ఇంట్లో ఇంకా ఉంది కదా?"

ఒడీల్ గారు నా వైపు తిరిగారు. "ఆవిడ గిన్నె తిరిగిస్తూ అందులో కూరగాయలు ఎందుకు పెట్టింది?"

ఈనిన గేదె జున్నుపాలు ఎవరికీ అమ్మరని, ఇరుగుపొరుగుకి పంచుతారని, ఆ గిన్నెని ఉత్తగా తిరిగి పంపరని గబగబా చెప్పాను. గేదె అన్న మాట వినగానే ఆవిడ లేచి నిలబడ్డారు. ఫోర్కు కింద పెట్టేసి నేరుగా పెరట్లోకి నడిచారు, మేమంతా వెనకాల పరుగు.

పాకలో మూడు రోజుల దూడ వణుకుతున్న కాళ్ళతో నిలబడింది. ఒడీల్ గారు దాని నోట్లో వేలు పెట్టి చీకనిచ్చారు.

"ముందు దూడకి తాగనిచ్చారా?" నాతో అడిగించారు.

"దూడ కడుపు నిండాకేనమ్మా పిండేది!" అత్తకి కోపమొచ్చింది. "మమ్మల్ని ఏమనుకుంటుందే ఈవిడ?"

నేను తర్జుమా చేస్తే ఒడీల్ గారు సంతోషంగా తలూపారు. ఆ తలూపుతో అత్త మెత్తబడిపోయింది. వంటింట్లోకి వెళ్ళి, మూత పెట్టి దాచిన గిన్నె తెచ్చింది. బెల్లం రంగు జున్ను, పైన నలిపిన మిరియాలు. ఇంకా దాచుకోవాలనుకున్నట్టు చిన్న ముక్కే కోసింది.

ఒడీల్ గారు చెంచా వద్దని వేళ్ళతో తీసుకుని తిన్నారు. ఇంకో ముక్క. అప్పుడు నా వైపు తిరిగారు.

"మేం దూడకి పోగా మిగిలిన జున్నుపాలు పారబోస్తాం. నలభై ఏళ్ళుగా పారబోస్తున్నాను, హెప్సిబా!"

"ఏమందే? బాగాలేదా?" అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చెప్పాను. అత్త నమ్మలేదు, మళ్ళీ చెప్పించుకుంది.

అప్పుడు ఒడీల్ గారు వంటింటి వైపు ముక్కు ఎగబీల్చారు. "మరి ఆ వాసన ఏమిటి?"

"అది మాకు," అంది అత్త సిగ్గుపడుతూ. "బొమ్మిడాయల పులుసు. మేం తర్వాత తిందామని."

ఒడీల్ గారు పకపకా నవ్వారు. "గుర్తుందా, నువ్వు మా ఇంటికొచ్చిన మొదటి రాత్రి? నీకోసం పట్నం వెళ్ళి బియ్యం, కూర పొడి కొనుక్కొచ్చి అన్నం వండాను. ముద్దయిపోయింది. నువ్వు మర్యాదగా తిన్నావు. మా చీజ్ నీకు పెట్టడానికి నాకు రెండు రోజులు ధైర్యం చాల్లేదు."

నాకు గుర్తుంది! ఇన్నాళ్ళూ అది ఆవిడ వంట అనుకున్నాను, భయం అనుకోలేదు.

ఆ మధ్యాహ్నం అందరం వంటింటి గచ్చు మీద కూర్చుని పులుసన్నం తిన్నాం. ఒడీల్ గారికి కళ్ళ నీళ్ళు కారాయి, ముక్కు కారింది, ఇంకాస్త వెయ్యమన్నారు. ఫ్రైడ్ రైస్ మాత్రం మోషే మావయ్య ఒక్కడే తిన్నాడు. "ఇదీ బాగానే ఉంది" అంటూ.

ఎర్ర నోటుపుస్తకం మూడు పేజీలు నిండింది.

మర్నాడు బయల్దేరే ముందు ఒడీల్ గారు జున్ను పెట్టిన గిన్నె కడిగి అత్త చేతికిచ్చారు. అందులో కాగితంలో చుట్టిన చీజ్ ముక్క, ఆ కొండల మీద నుంచి వచ్చింది.

అత్త వాసన చూసి మొహం చిట్లించింది. "చెడిపోయిందేమోనే?"

"లేదత్తా, అది అలానే ఉంటుంది!"

కళ్ళు మూసుకుని కొరికింది. నమిలింది. "ఉప్పగా ఉంది. పర్లేదు. బాగా నమిలితే బాగుంది." ఇంకో ముక్క కొరికి మిగతాది కోటిరత్నం గారికని దాచింది.

నేను ఫోన్‌లో ప్లాను తీశాను. జనవరి తొమ్మిది, ఉదయం ఎనిమిదింటికి తెనాలి స్టేషను, అన్నీ గంటలతో సహా. ఒడీల్ గారు చూసి అడిగారు, "ఆ రోజు జున్ను ఉంటుందా?"

అత్త తల అడ్డంగా ఊపింది. "ఈ గేదె జున్ను అయిపోయింది కదమ్మా. రెండోది చూడిది. ఫిబ్రవరిలో ఈనాలి. ఏ రోజంటే ఎలా చెప్తాం? దాన్నే అడగాలి."

"అయితే ఫిబ్రవరి. మా వాళ్ళందరూ ఆవుల్ని పెంచేవాళ్ళే, ఆగడం వాళ్ళకి తెలుసు."

పన్నెండు మంది! నేను ఎగిరి గంతేశాను, కాలికి కుడితి బకెట్టు తగిలింది.

అప్పటికే ఒడీల్ గారు, అత్త రెండో గేదె దగ్గరికి వెళ్ళిపోయారు. ఒడీల్ గారు దాని పొట్ట కింద చెయ్యి పెట్టి చూసి ఫిబ్రవరి పదిహేనన్నారు. అత్త కూడా చూసి, "పదిహేనా? ఇరవై దాటకుండా ఈనదు" అంది. ఈవిడ ఫ్రెంచిలో, ఆవిడ తెలుగులో, మధ్యలో నేను ఊపిరాడకుండా తర్జుమా చేస్తుంటే నాన్న ఫోన్ చేశాడు.

"ఏమైందే? తేలిందా?"

"వస్తున్నారు నాన్నా! తేదీయే ఇంకా తేలలేదు. పదిహేనో, ఇరవయ్యో, గేదె చెప్పాలి!"