బట్టీ పట్టని పాఠం

నేను ఒక వాయిస్ రికార్డర్‌ని. అరచేతిలో ఇమిడిపోతాను గానీ నా అనుమానం అంత చిన్నది కాదు. ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి "హలో, హలో" అని పరీక్షించింది. ఆ రెండు హలోలూ ఎవరో పెద్దమనిషిని పలకరిస్తున్నట్టున్నాయి. నా ముందు మనిషి మామూలుగా మాట్లాడడని అప్పుడే తెలిసిపోయింది.

హైదరాబాదులో ఒక యూనివర్సిటీ నన్ను కొన్నది. మొదట ఒక పరిశోధకుడి చేతిలో పడ్డాను. ఆ మహానుభావుడు ఇంటర్వ్యూల కన్నా తన పాటలే ఎక్కువ రికార్డు చేసుకున్నాడు. తర్వాత వారిజ దగ్గరికొచ్చాను. ఆమెది ఖమ్మం వైపు. అంతర్జాతీయ విద్యలో ఎం.ఏ. చదువుతోంది. ఇంగ్లీషు తమ భాష కానివాళ్లకు ఇంగ్లీషు ఎలా నేర్పాలో చెప్పే కోర్సు అది. చివర్లో నిజమైన క్లాసు ఒకటి చెప్పి, రికార్డు చేసి, గైడుకు వినిపించాలి. ఆయన సరే అంటేనే పట్టా, లేకపోతే ఏడాది గోవిందా.

వారిజ టోలీచౌకిలో ఒక ఫ్లాటు హాల్లో క్లాసు పెట్టింది. సూడాన్, యెమెన్, సొమాలియాల నుంచి చదువులకొచ్చిన వాళ్ల భార్యలు వచ్చేవారు. డెమో క్లాసు అనగానే ఈ పిల్లకు బడికి ఇన్‌స్పెక్టరు వచ్చే రోజులు గుర్తొచ్చాయి కాబోలు, ఎవరు ఏం అడగాలో, ఎవరు ఏం చెప్పాలో ముందే బట్టీ పట్టించింది. పాఠం "నాకిష్టమైన పండుగ". ఆ రిహార్సళ్లు నాలోనే రికార్డు చేసి, నాలోనే చెరిపేసింది. నాకేం తెలియదనుకుంది పాపం.

గైడు పాండురంగాచారి గారు నన్ను మించిన అనుమానపు మనిషి. పాలప్యాకెట్ కొన్నా వెలుతురుకు ఎత్తిపట్టి చూసే రకం. ఆ డెమో క్లాసు రికార్డింగు కాసేపు విని నన్ను ఆపేశారు.

"ఏమ్మా, ఒక్కరు గూడ తడబడలే. ఇది క్లాసా, నాటకమా?"

"నేనేం నేర్పించలే సార్, ఒట్టు" అంది వారిజ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

"ఇంకొక్కసారి తీసుకురా. ఇదే ఆఖరు."

మళ్లీ అవే రిహార్సళ్లు. ఇక్కడ హోదన్ సంగతి చెప్పాలి. సొమాలియా ఆవిడ. క్లాసులో పెదవి విప్పదు, నా పక్కనే కూర్చుని నన్నే చూస్తుంది. ఏ పుట్టలో ఏ పాముందో అని నేను కనిపెట్టుకునే ఉన్నాను. రికార్డింగు రోజున ఆమె వంతు వచ్చింది. పండుగ మాట పక్కన పెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో ఆమె అడిగింది వేరు.

"టీచర్, నా కూతురికి ఏడేళ్లు. ఏడాదిగా ఇంట్లోనే ఉంది. స్కూల్లో ప్రిన్సిపాల్ మేడమ్ సీటు లేదంటుంది, నా భర్త తలూపి తిరిగొస్తాడు. సోమవారం నేనే పోతాను. ఏం మాట్లాడాలి?"

వారిజ వేలు నా మీటను తాకింది. ఆపేసి మళ్లీ మొదలుపెడుతుందని పందెం కాసేవాణ్ణి. వేలు వెనక్కి పోయింది.

"నేనే ప్రిన్సిపాల్ అనుకో. వచ్చి నా ముందు కూర్చో" అంది.

ఎందుకు లేదని అడగడం, లేదన్నా లేచి రాకుండా ఉండడం, సీటు ఎవరు ఇవ్వగలరో చెప్పమనడం, అన్నీ చేయించింది. నిండా తప్పులు, నవ్వులు. మధ్యలో హోదన్ ఏడ్చింది కూడా. నాకు ఏం చేయాలో తోచలేదు.

పాండురంగాచారి గారు అంతా విన్నారు. "ఏడుపు గూడ నేర్పించినవా అమ్మా?" అన్నారు.

ఒకసారి అబద్ధమాడినవాళ్ల నిజానికి విలువుండదు. "మీరే వచ్చి చూడండి సార్" అని మాత్రం అంది వారిజ.

సోమవారం ఆయన వచ్చారు. స్కూలు నుంచి నేరుగా క్లాసుకే వస్తానన్న హోదన్ రాలేదు. వారిజ నన్ను ఆన్ చేయబోతే, "ఆమెను రానీ. ఖాళీ కుర్చీని ఏం రికార్డు చేస్తవు?" అన్నారు. క్లాసు సగమైంది. ఆయన సంచీ భుజానికి తగిలించుకున్నారు. ఆ ఏడుపూ, ఆ స్కూలు కథా నటనే, అందుకే హోదన్ మొహం చాటేసిందని నాకూ అనిపించింది. వారిజ గుమ్మం వైపే చూస్తోంది.

అప్పుడు వారిజ ఫోన్ మోగింది. అందరికీ వినబడేలా పెట్టమని ఆయనే సైగ చేశారు. అదే తడబడే ఇంగ్లీషు.

"టీచర్, మేడమ్ లేదంది. నేను లేవలేదు. ఎందుకు లేదని అడిగాను, మళ్లీ అడిగాను. టీచర్, ఈ రోజు నేను క్లాసుకు రాను. నా కూతురు క్లాసులో ఉంది. కిటికీలోంచి చూస్తున్నాను."

పాండురంగాచారి గారు సంచీ దించి కుర్చీలో కూలబడ్డారు. "ఇది రికార్డయిందా?" అన్నారు.

"మీరే వద్దన్నరు గద సార్."

ఆయన ఇంకేమీ అడగకుండా వారిజ కాగితాల మీద సంతకం పెట్టారు.

ఇప్పుడు నేను డిపార్టుమెంటు బీరువాలో ఒక మూల పడి ఉన్నాను. అందరి దగ్గరా ఫోన్లుండగా నాతో ఎవరికి పని? నాలో అన్నీ ఉన్నాయి, ఆ పరిశోధకుడి పాటలతో సహా. హోదన్ ఆ రోజు ఫోన్లో అన్న మాటలు మాత్రం లేవు. వాటికి సాక్ష్యం నా నోటి మాటే. మీ స్థానంలో నేనుంటే నమ్మేవాణ్ణి కాదు.