బిల్లులో నాలుగో లైను

"బుట్టలావిడ వచ్చారు, టీ పట్రా" అన్నాడు భర్త, అద్దాల గదిలోంచి తల బయటపెట్టి. కొడుతున్న బిల్లు సగంలో ఆపి లేచిందామె. ఓడల్లో సరుకు పంపించే ఆ ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా బిల్లులు ఆమే కొడుతుంది, ఫోన్లు ఆమే ఎత్తుతుంది, కప్పులు ఆమే కడుగుతుంది. జీతం ఊసెత్తితే "మన ఆఫీసులో మనకి జీతమేంటే?" అని నవ్వేవాడు. 'మన' అన్న మాట వినడానికి బాగానే ఉండేది.

బుట్టలావిడ నలభై మంది ఆడవాళ్ళ చేత బుట్టలు అల్లించి పై దేశాలకి పంపుతుంది. "నువ్వున్నావనే ఇక్కడికొస్తానమ్మా" అనేది ఎప్పుడూ. ఈవేళ మాత్రం కప్పు ముట్టుకోలేదు. ఓడ కంపెనీ నోటీసు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"సముద్రంలో దొంగల భయమని కంటెయినరుకి ఇంతని నా బిల్లులో సెక్యూరిటీ సర్‌చార్జి వేస్తున్నారు కదా. కంపెనీ అది తీసేసి ఏడాదిన్నర అయింది. మరి నా దగ్గర ఎందుకు వసూలు చేస్తున్నట్టు?"

ట్రే చేతిలో ఉండగానే ఆమె ఆ కాగితం చదివింది. తారీఖు రెండుసార్లు చూసింది. తను కొట్టే ప్రతి బిల్లులో నాలుగో లైను అది. ఓడలు వెళ్ళే ఆ దారి ఇప్పుడు నిమ్మళంగా ఉందని పోయినేడు పేపర్లో చదివి, తనే అడిగింది కూడా: "ఇంకా ఎందుకండీ ఈ చార్జీ?" "కంపెనీ వేస్తోంది, మనం వేస్తున్నాం. నీకెందుకు, కొట్టు" అన్నాడు. కొట్టింది.

భర్త మొహంలో తడబాటేమైనా కనిపిస్తుందేమోనని చూసింది. ఆయన నవ్వాడు.

"మా ఆవిడేనండీ. పాత బిల్లు చూసి కొత్తది కొట్టేస్తుంది. ఇంటి పనీ, ఇదీ... పాపం, బుర్ర నిలవదు. సారీ చెప్పు మేడమ్‌కి."

"ఆడవాళ్ళకి లెక్కలు అప్పజెప్తే ఇంతే" అన్నారు పక్క కుర్చీలోంచి మామగారు, ఎదురుగా కూర్చున్నదీ ఆడదేనన్న సంగతి మర్చిపోయి.

సారీ ఆమె నోటికి కొత్త కాదు. కూరలో ఉప్పెక్కువైతే చెప్పింది. పిల్లకి జ్వరమొస్తే అత్తగారికి చెప్పింది. తను జారిపడి చెయ్యి విరిగినప్పుడు కూడా పనులు ఆగిపోయాయని అందరికీ చెప్పింది. ఇదీ చెప్పేస్తే మధ్యాహ్నానికి అంతా సర్దుకుంటుంది. కానీ 'మా ఆవిడేనండీ' అన్న మాట ఎంత తేలిగ్గా వచ్చింది ఆయనకి! అప్పటికప్పుడు వెతుక్కున్నది కాదది. ఏడాదిన్నరగా సిద్ధంగా పెట్టుకున్నది. బిల్లు కింద 'తయారు చేసినవారు' అన్నచోట ఆమె చేత సంతకాలు పెట్టించడం మొదలైందీ అప్పుడే. "నీ సంతకం ముద్దుగా ఉంటుందే" అన్నాడు ఆ రోజు. ఆ పూటంతా పొంగిపోయింది. అది గుర్తొచ్చి ఒళ్ళు మండింది, ఆయన మీద కన్నా తన మీదే ఎక్కువ.

"బిల్లు కొట్టింది నేనేనండీ," అంది ట్రే కింద పెట్టి. "కొట్టమన్నది ఆయన. ఎందుకని అడిగితే కంపెనీ వేస్తోందన్నారు. ఈ కాగితం నేను చూడటం ఇదే మొదలు."

బుట్టలావిడ నోటీసు మడిచి సంచీలో పెట్టుకుంది. "సోమవారానికి నా డబ్బు నాకు రావాలి" అని భర్తతో అని వెళ్ళిపోయింది. ఆమె మాట నమ్మిందో లేదో.

"బయటివాళ్ళ ముందు నా పరువు తీస్తావా? ఒక్క సారీ అంటే నీ సొమ్మేం పోయింది?" తలుపు మూసుకోగానే భర్త లేచాడు.

ఆమె తన సీట్లోకి వెళ్ళి, ఆ దారిలో సరుకు పంపేవాళ్ళ జాబితా తెరిచింది. ఇంకా ముప్ఫై ఒక్కరున్నారు.

"ఏం చేస్తున్నావ్?" ఆయన గొంతు తగ్గింది.

మొదటి నంబరు నొక్కి, అవతల రింగవుతుండగా చెప్పింది: "మిగతావాళ్ళకి చెప్తున్నానండీ."