మంగళవారం ప్రార్థన

పొద్దున ఆరున్నరకు ఆ హాల్లోకి తొంగి చూసిన వాళ్ళకు కళ్ళు చెమర్చక మానవు. ఇరవై ఆరుగురు ఆడపిల్లలు తలలు దువ్వుకుని, రెండు వరుసల్లో చాపల మీద బుద్ధిగా కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరి ముందు ఒక అట్ట, దాని మీద ఒక ఫొటో. ఆ ఫొటోలోని మనిషే ఆ పిల్ల తిండీ బట్టా చదువూ చూసే దాత. పిల్లలు కళ్ళు మూసుకుని తమ దాత పేరు చెప్పి, "చల్లగా చూడు దేవుడా" అని అడుగుతారు. ఆ తర్వాతే జావ గిన్నెలు వస్తాయి.

చూడ్డానికి వచ్చిన పెద్దలు జేబుల్లోంచి రుమాళ్ళు తీస్తారు. ఎంత వినయంగా పెంచుతున్నారమ్మా అని పెద్దక్కను మెచ్చుకుంటారు. మీరూ నేనూ అక్కడ ఉంటే మనమూ అదే మాట అనేవాళ్ళం. అందులో తప్పేముందో, ఆ పద్ధతి పెట్టిన పెద్దక్కకే పదకొండేళ్ళు తెలియలేదు.

పెద్దక్క ఆ ఆశ్రమానికి వార్డెను. ఒక ప్రార్థన మందిరం వాళ్ళు నడిపే ఆశ్రమం అది. కన్నవాళ్ళు లేని పిల్లలూ, ఉన్నా సాకలేని పిల్లలూ అక్కడికి వస్తారు. పెద్దక్క యాభై దాటిన మనిషి. గొంతు పెద్దది, మనసు మెత్తన. ఆమె కేకలకు భయపడే పిల్ల ఆ ఆశ్రమంలో ఒక్కతి కూడా లేదు. వచ్చిన మొదటి ఏడాది ఒక పసిది ఆమె కొంగు పట్టుకుని, "నాకంటూ ఎవరున్నారు?" అని అడిగిందట. ఆ మాట విన్నాక ఆమె ప్రతి పిల్లకూ తనదని చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండాలని ఈ అట్టలు పెట్టించింది. "వాళ్ళు చల్లగా ఉంటేనే మన గిన్నెలోకి జావ వస్తుంది. వాళ్ళు చల్లగా ఉండాలంటే మీరు మర్చిపోకుండా అడగాలి" అని నేర్పింది. మంచి ఉద్దేశంతోనే నేర్పింది. ఆమె మీద కోపం వద్దు.

పిల్లల్లో బొంగరం అని ఒకతి ఉంది. తొమ్మిదేళ్ళు. ఒకచోట నిలవదు కనుక ఆ పేరు వచ్చింది. తండ్రి లేడు. కొత్తగా కట్టే ఇళ్ళ దగ్గర తల్లి ఇటుకలు మోస్తుంది, నెలకో ఆదివారం వచ్చి చూసి వెళుతుంది. బొంగరం దాత వేరే ఊళ్ళో గడియారాలు బాగుచేసి, చూపు తగ్గాక కొట్టు మూసేసిన ఒక ముసలాయన. పిల్లలందరూ గడియారాల తాతయ్య అనేవారు. మిగతా దాతలు పండక్కో పుట్టినరోజుకో ఒక అచ్చుకార్డు పంపి ఊరుకుంటే, ఈయన మాత్రం నెలనెలా చేత్తో ఉత్తరం రాసేవాడు. రోజుకు ఎన్నిసార్లు గెంతుతావు, లెక్కపెట్టి రాయి, నేను గెంతలేను కనుక నా వాటా కూడా నువ్వే గెంతాలి అని రాస్తే, ఇది రెండు రోజులు తిండి మాని గెంతింది. ఎనిమిది వందల పదకొండు అని జవాబు రాసింది.

ఒక శుక్రవారం తాతయ్య కూతురి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నాన్నగారు మంగళవారం నిద్రలోనే పోయారు అని రెండు వాక్యాలు. పెద్దక్క దాన్ని మూడుసార్లు చదువుకుని, బడి నుంచి వచ్చిన బొంగరాన్ని ఉతికిన బట్టలు మడతపెట్టే గదిలోకి పిలిచింది. పక్కన కూర్చోబెట్టుకుని, తాతయ్య పెద్దవాడు కదా, అలసిపోయాడు, దేవుడి దగ్గరికి వెళ్ళిపోయాడు అని మెల్లగా చెప్పింది.

ఆ పిల్ల ఏడవలేదు. "ఏ రోజు?" అంది.

"మంగళవారం."

బొంగరం గౌను ఒకటి తీసుకుని మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. ఆ సాయంత్రం కంచం ముందుకు రాలేదు. మర్నాడు ప్రార్థనలో దాని చాప ఖాళీగా ఉంది. వంటామె బతిమాలితే నాలుగు ముద్దలు తిని లేచిపోయింది. పాపం, బెంగ పెట్టుకుంది, రెండు రోజుల్లో సర్దుకుంటుంది అనుకుంది పెద్దక్క. బెంగ అయితే సర్దుకునేదే.

నాలుగో రోజున మందిరం వాళ్ళు కొత్త అట్ట పంపారు. ఈసారి భార్యాభర్తలు, బట్టల కొట్టు ఉన్నవాళ్ళు, ఫొటోలో ఇద్దరూ నిండుగా నవ్వుతున్నారు. బొంగరం ఆ అట్టను ఒక్కసారి చూసి పెద్దక్క ఒళ్ళోనే పెట్టేసింది.

"నాకొద్దు పెద్దక్కా. వాళ్ళు పాపం మంచోళ్ళలా ఉన్నారు. ఇంకెవరికైనా ఇవ్వండి."

"మంచోళ్ళయితే వద్దంటావేంటే?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ముందు వారం తల్లితో పనిచేసే ఆమె గేటు దాకా వచ్చి, మీ అమ్మకి ఒళ్ళు కాలిపోతోంది, మూడు రోజులుగా లేవట్లేదు అని చెప్పి వెళ్ళిందట. అది సోమవారం సాయంత్రం.

"మంగళవారం పొద్దున నేను తాతయ్య పేరు చెప్పలేదు" అంది బొంగరం, నేల చూస్తూ. "అట్ట మీద తాతయ్యే ఉన్నాడు. నేను మాత్రం అమ్మ పేరు చెప్పాను. ఒక్క రోజే కదా అనుకున్నాను. అమ్మకి తగ్గిపోయింది పెద్దక్కా. బుధవారం పనికి కూడా వెళ్ళిందంట."

పెద్దక్క ఒళ్ళోని అట్ట పక్కన పెట్టి, "ఛ, అలా ఏం ఉండదు తల్లీ" అంది.

"మరి మీరే చెప్పారుగా, అడిగితేనే చల్లగా ఉంటారని."

"చెప్పాననుకో..."

"అయితే అది అబద్ధమా?"

చూశారా ఆమె ఇరుకు. అబద్ధం అంటే, ముప్పై ఏళ్ళుగా తాను నమ్మి మోకరిల్లినదంతా ఏమైపోవాలి? నిజం అంటే, ఈ పిల్ల ఏమైపోవాలి? పెద్దక్క పిల్ల తల నిమురుతూ కూర్చుంది. తప్పు చేసినదాని తల నిమరడం ఎందుకన్నట్టు ఆ పిల్ల తల పక్కకు జరుపుకుంది.

పిల్లల నోట్లో నువ్వుగింజ నానదు కదా. రెండు రోజుల్లో సంగతి ఆశ్రమమంతా పాకింది. ఆరింటికి లేపితే గానీ లేవనివాళ్ళు అయిదున్నరకే చాపల మీద ఉంటున్నారు. ఒళ్ళు వెచ్చబడి పడుకోబెట్టిన పిల్ల దుప్పటి చుట్టుకుని గోడ పట్టుకుంటూ వచ్చింది. ఆరేళ్ళది ఒకతి వంటగదిలోకి పరుగెత్తి, "నేను పేరు మధ్యలో తుమ్మాను, ఫొటోలో ఆంటీకి ఏమీ అవదుగా?" అని వంటామెను అడిగింది. వంటామె నవ్వబోయి, దాని మొహం చూసి మానేసింది.

పెద్దక్క ఒక పొద్దున ధైర్యం చేసింది. అట్టలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, "ఇవాళ్టి నుంచి ఊరికే కళ్ళు మూసుకుని కూర్చుందాం, ఎవరి పేరూ చెప్పక్కర్లేదు" అంది. పిల్లలు కూర్చున్నారు. జావ అయ్యాక చూస్తే స్నానాల గదుల తలుపుల వెనకాల, ఆరేసిన దుప్పట్ల చాటున, మెట్ల కింద, ఎక్కడ చూసినా గుసగుసగా పేర్లు. తన ఫొటో తనకిమ్మని ఆరేళ్ళది వెక్కిళ్ళు పెడుతోంది. మధ్యాహ్నానికల్లా పెద్దక్క తాళం తీసి ఎవరి అట్ట వాళ్ళకు ఇచ్చేసింది. నోటితో నేర్పినదాన్ని తాళంతో మాన్పించలేకపోయింది.

మందిరం పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయనా చెడ్డవాడు కాడు. తన భోజనం పిల్లలకు పెట్టి తాను మంచినీళ్ళు తాగి పడుకున్న రోజులు ఉన్నాయి. అంతా విని, "పిల్లలకి కృతజ్ఞత నేర్పడం తప్పంటావా అమ్మా?" అన్నాడు.

"కృతజ్ఞత కాదు అయ్యగారూ, భయం. వాళ్ళ ప్రాణాలు తమ చేతుల్లో ఉన్నాయనుకుంటున్నారు."

"పిల్లలు కదా, మర్చిపోతారు. ఆ వరుస చూసే కదమ్మా సగం మంది దాతలు ముందుకొచ్చింది. ఇప్పుడు తీసేస్తే ఏం చెప్పమంటావు? వాళ్ళు చల్లబడితే ఇరవై ఆరు గిన్నెలు ఎక్కడ నుంచి నింపుతాం?" అని ఆగి, ఆప్యాయంగా నవ్వాడు. "అయినా ఇది పెట్టింది నువ్వేగా. నేను వెళ్ళిన చోటల్లా నీ పేరే చెబుతాను."

ఆమె లేచి వచ్చేసింది.

మరుసటి వారం తాతయ్య కూతురు వచ్చింది. ఆస్పత్రిలో నర్సు, తల నెరిసిన మనిషి. నాన్న దాచుకున్న బొంగరం ఉత్తరాలు చూపిద్దామని వచ్చి, పెద్దక్క నోట సంగతంతా విని నిర్ఘాంతపోయింది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "చూడమ్మా, నాన్నకి ఎనభై నాలుగేళ్ళు. గుండె రెండేళ్ళుగా బాగాలేదు. నేను నర్సుని, నాకు తెలుసు. పైగా నాన్న పోయింది తెల్లవారుజామున. నువ్వు ఆ రోజు ప్రార్థనకి కూర్చునేసరికే పోయాడు. నువ్వేం చేయలేదు" అంది.

పెద్దక్క ప్రాణం లేచివచ్చింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి? పిల్ల కూడా తలెత్తి చూసింది. లోపల ఏవో రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

"అయితే సోమవారానిది" అంది చివరికి. "సోమవారం పేరు చెప్పాను గానీ, గబగబా చెప్పేశాను. బడికి టైమైపోతోందని."

గేటు దాకా సాగనంపుతుంటే ఆ నర్సు ఆగి, పెద్దక్క చెయ్యి పట్టుకుంది. "మా నాన్న ఈ పిల్ల చదువుకుంటే చాలనుకున్నాడమ్మా. తన ఆయుష్షుకి దీన్ని కాపలా పెట్టాలనుకోలేదు." పెద్దక్క తల వంచుకుని విన్నది.

ఆ తర్వాత బొంగరం దారికొచ్చింది. దారికొచ్చిందని అందరూ అన్నారు. కొత్త అట్ట తీసుకుంది, కంచం ఖాళీ చేస్తోంది, అందరికంటే ముందు వచ్చి అందరికంటే చివర లేస్తోంది. గెంతడం మాత్రం లేదు. ఆదివారం బట్టల కొట్టు దంపతులు చూడ్డానికి వచ్చారు. వాళ్ళిద్దరి పేర్లూ ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ, మూడేసిసార్లు చెప్పి, చెమటలు పట్టేలా ప్రార్థించింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మందిరం పెద్దాయన చూశావా అన్నట్టు పెద్దక్క వైపు తిరిగి తల ఊపాడు.

ఆ మధ్యాహ్నమే తల్లి వచ్చింది. మనిషి సగమైంది. రెండు మాటలకోసారి దగ్గు. గేటు పక్కన బల్ల మీద కూర్చుని కూతురి జుట్టు సర్దుతూ, "పొద్దున నువ్వు దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు నా గురించి కూడా ఒక ముక్క చెప్పవే. ఈ దగ్గు వదలట్లేదు" అంది.

"నాకు కుదరదమ్మా" అంది బొంగరం. "ఇప్పుడు ఇద్దరున్నారు."

తల్లి అది పిల్లల మాట అనుకుని నవ్వింది, ఆ నవ్వులోనే మళ్ళీ దగ్గు వచ్చింది. బొంగరం ఆ దగ్గు ఆగేదాకా తల్లి వీపు రాస్తూ ఉంది, పెదవులు మాత్రం గట్టిగా బిగించుకుంది. రెండడుగుల దూరంలో నిలబడిన పెద్దక్క అంతా విన్నది. వెళ్ళి ఆ పిల్లకు ఏమని చెప్పాలో ఆమెకు తెలియలేదు. నేర్పగలిగినవన్నీ ఎప్పుడో నేర్పేసింది, పిల్ల అవన్నీ నమ్మింది.

సాయం చేసే మనసున్న అమ్మలారా, అయ్యలారా, పిల్లలకు అన్నం పెట్టండి, చదువు చెప్పించండి, మీ పేరు వాళ్ళకు తెలిసినా తెలియకపోయినా సంతోషించండి. తిన్న ముద్దకు బదులుగా మీ క్షేమం మోసే పని మాత్రం వాళ్ళ నెత్తిన పెట్టకండి, ఎందుకంటే కన్నతల్లి కోసం దేవుణ్ణి ఒక్క మాట అడగడానికి భయపడే పిల్లకు మనం ఎంత పెట్టినా ఏమీ పెట్టనట్టే.