నాలుగు రేవులు, నాలుగు పలకలు

మార్కాపురంలో అబ్బాస్ అలీ సాయిబు పలకల కార్ఖానాలో ఇశ్రాయేలుది చివరి పని. రాయి చీల్చేవాళ్ళు, నున్నగా రుద్దేవాళ్ళు, చట్రం బిగించేవాళ్ళు తమ పని ముగించాక పలక అతని చేతికి వచ్చేది. తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచి, నలుపు నిగనిగలాడిందని చూసుకుని, గడ్డి పరిచిన పెట్టెలో పేర్చేవాడు. ఇరవై ఏళ్ళుగా చేతులు ఆ పని వాటంతటవే చేసుకుపోతుంటే నోటికి పనిలేకుండా ఉండేది. అందుకని నోరు కథలు చెప్పేది.

నల్లమలలో చిరుత ఎదురొస్తే చంకలోని కొత్త పలక తీసి దాని ముందు పట్టాడట. అందులో తన మొహం చూసుకుని, తన అడవిలోకి ఇంకో చిరుత వచ్చిందనుకుని, అది శ్రీశైలం దాకా వెనక్కి చూడకుండా పరిగెత్తిందట. గిద్దలూరు పక్కన కాసిన గుమ్మడికాయలోకి మేకపిల్ల దూరితే మూడు రోజులు వెతికారట. సముద్రంలో చేపలు గువ్వల్లా గుంపులుగా ఎగురుతాయట.

అందరూ నవ్వేవాళ్ళు, ఇద్దరు తప్ప. ఒకరు అతని భార్య ఎలీషబా. చిన్నప్పుడు మిషన్ బడిలో నేర్చుకున్నవాటిలో అబద్ధం ఆడకూడదన్నదాన్ని ఆమె ఇంకా వదిలిపెట్టలేదు. రెండోవాడు ఆమె తమ్ముడు జ్ఞానయ్య. ఇప్పుడు అదే బడిలో పంతులు. తాలూకా మొత్తంలో అంత మీసం ఇంకొకరికి లేదని పేరు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ముందర వేపచెట్టు కింద ఇశ్రాయేలు, "కొత్తపట్నం కాడ మన పలకలు ఓడ ఎక్కి మద్రాసు పోతాండాయి. కూడా నన్ను పొమ్మన్నాడు సాయిబు" అన్నాడు.

చిరుత కథకు నవ్వినదానికంటే ఎక్కువ నవ్వారు. ఇశ్రాయేలుకు మొదటిసారి నవ్వు చేదుగా తగిలింది. ఎందుకంటే ఆ మాట నిజం.

"నువ్వు పొదిలి దాటవు బావా" అన్నాడు జ్ఞానయ్య మీసం దువ్వుకుంటూ. "ఆడ్నే పది దినాలు పండుకోని వచ్చి సముద్రం చూసినా అంటావు."

"మీ అక్కను కూడా తీస్కపోతా. ఆమె చెప్తే నమ్ముతావా?"

"అక్క అబద్ధం చెప్పదు. కానీ అన్ని దినాలు నీ పక్కన కూర్చుంటే తను చూసిందేదో, నువ్వు చెవులో ఊదిందేదో ఆమెకే తెల్వదు. ఏ రేవులో చూసింది ఆ రేవులోనే పలక మీద రాయాల. వచ్చినాక నేను చదవాల. అట్లయితే నా మీసం తీసేస్తా."

"లేకుంటే?"

"సంవత్సరం దినాలు నోరు మూసుకోని పలకలు తుడుచుకో. ఒక్క కత చెప్పేది లే."

ఇశ్రాయేలు సరేనన్నాడు. ఇంటికి నడిచి వస్తుండగా ఆ సంవత్సరం ఎంత పొడుగో మనసులో పరిచి చూసుకుని, భార్య వంక చూశాడు.

"రాస్తావు గదా?"

"చూసిందే రాస్తా" అన్నది ఎలీషబా.

బండ్లలో పొదిలి మీదుగా కొత్తపట్నం చేరారు. ఎలీషబా పుట్టిల్లు పుల్లలచెరువు. ఎండాకాలంలో అక్కడ ఒక కడవ నీళ్ళ కోసం పొద్దున పోతే మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాళ్ళు. ఆమె ఇసుక మీద నిలబడి సముద్రాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"ఇన్ని నీళ్ళు పెట్టుకోని మా ఊరికి ఒక్క కడవన్నా పంపలేదే" అన్నది. వంగి దోసిట్లోకి తీసుకుని రుచి చూసి ఉమ్మేసింది. "సరేలే. పంపకపోవడమే మేలైంది."

అదే మొదటి పలక మీద రాసుకుంది: కొత్తపట్నం. నీళ్ళు చానా ఉన్నాయి. పనికిరావు.

ఓడ నడిపే తండేలు పేరు మాలకొండయ్య. రెండు తెరచాపల ఓడ అతనిది. పలకల పెట్టెలు అడుగున సర్దించి, "రాయి అడుగునుంటే ఓడ నిలకడగా ఉంటుందన్నా, నువ్వేం భయపడకు" అన్నాడు ఇశ్రాయేలుతో. ఓడ నిలకడగానే ఉంది. ఇశ్రాయేలు కడుపే నిలకడ తప్పింది. రేవు దాటగానే అంచు పట్టుకుని వంగినవాడు మర్నాటిదాకా తల ఎత్తలేదు.

ఇసకపల్లి రేవులో ఉప్పు దిబ్బలు తెల్లగా మెరుస్తుంటే ఎలీషబా రెండో పలక తీసింది. అతను నీరసంగా తొంగి చూశాడు. ఉప్పు దిబ్బల గురించి ఒక వరస ఉంది. దాని కింద: నా భర్త ఒక దినమంతా ఒక్క మాట మాట్లాడలేదు.

"అది తుడిచెయ్యి" అన్నాడు. "ఉప్పు గుట్టల్ని నమ్ముతారు. దాన్ని మాత్రం జ్ఞానయ్య నమ్మడు."

"చూసింది రాయమన్నాడు గదా."

తండేలు పగలబడి నవ్వి, "రాసిందాన్ని జాగ్రత్త చేసుకో వదినా, ఇక్కడ గాలి కూడా తడిగానే ఉంటుంది" అని పాత తెరచాప గుడ్డముక్క ఇచ్చాడు. ఆమె పలకల్ని అందులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. కెరటం ఎగిసి మీద పడ్డప్పుడల్లా వంగి వీపుతో కాసేది. కొంగు తడిసేది, పలకలు తడిసేవి కావు.

కృష్ణపట్నం ఇంకా కనుచూపు దూరంలో ఉండగా నీళ్ళలోంచి వెండి రేకుల్లాంటివి గుంపుగా లేచాయి. రెక్కలు చాచి ఓడ పక్కన బారెడు ఎత్తున ఎగిరి, మళ్ళీ నీళ్ళలో పడ్డాయి. ఒకటి దారి తప్పి వచ్చి ఎలీషబా ఒళ్ళో పడి కొట్టుకుంది. ఆమె దాని రెక్క విప్పి చూసింది. మూసి, మళ్ళీ విప్పింది.

ఇశ్రాయేలు ఆమెకంటే ఎక్కువ బిత్తరపోయాడు. ఆ చేపల్ని తనే కల్పించానని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడు.

"పెండ్లయినప్పటి నుంచి దీన్ని గురించి నిన్ను తిడతానే ఉండా" అన్నది ఎలీషబా.

"తిట్టినావు."

"ఎన్నిసార్లు?"

"లెక్క పెట్టలేదులే."

ఆమె చేపను నీళ్ళలోకి విసిరి, బలపం చేతిలోకి తీసుకుంది. "రాస్తే నన్ను కూడా నీ జతలో కడతాడు నా తమ్ముడు" అని గొణిగింది. అయినా రేవులో దిగగానే రాసింది. పలక చాలక, అక్షరాలు చిన్నవి చేసి మరీ రాసింది.

మద్రాసులో ఓడ దిగాక వాళ్ళు చూడనిది లేదు. మబ్బుల్ని తాకే మేడలు, పట్టాల మీద గంట కొట్టుకుంటూ పోయే ట్రాం బండ్లు, రకరకాల టోపీలు. ఎలీషబాకు వాటిలో ఏదీ కంటికి ఆనలేదు. పలకలు కొనే వర్తకుడి గోదాము పక్క గోడలో ఒక ఇత్తడి కుళాయి ఉంది. తిప్పితే నీళ్ళు వచ్చాయి. మంచినీళ్ళు. నాలుగో పలక మీద ఒకటే వరస రాసింది: మద్రాసు. గోడలో నుంచి మంచినీళ్ళు, ఎవరూ తోడకుండా.

గుడ్డ చుట్టకుండానే నాలుగు పలకలూ ఇశ్రాయేలు పక్కన పెట్టి, ఆ నీళ్ళు ఇంకోసారి తాగి వస్తానని వెళ్ళింది.

గోదాములో పెట్టెలు విప్పారు. పలకల నిండా గడ్డి దుమ్ము. వర్తకుడి మనిషి వచ్చేలోపు ఇశ్రాయేలు తడిగుడ్డ తీసుకుని గొంతుకూర్చున్నాడు. ఒక చెయ్యి అందుకుంది, ఒక చెయ్యి తుడిచింది. పక్కన కూర్చున్న హమాలీకి చిరుత కథ చెబుతున్నాడు. అరవ హమాలీకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా బాగానే నవ్వుతున్నాడు. చిరుత శ్రీశైలం చేరే వేళకు చేతికి అందినవన్నీ అయిపోయాయి.

ఎలీషబా మూతి తుడుచుకుంటూ వచ్చింది.

"నా పలకలు ఏవయ్యా?"

"ఇవో, తుడిచి పెట్టినా. చూడు, అద్దం మాదిరి..."

ఐదు రోజులు సముద్రం ఎంత ప్రయత్నించినా తుడవలేనిదాన్ని అతని చెయ్యి అడగకుండానే తుడిచేసింది.

రైలెక్కి ఒంగోలు వచ్చారు. ఒంగోలు నుంచి బండి. దారి పొడుగునా అతను బతిమాలుతూనే ఉన్నాడు.

"మళ్ళా రాయి. నీకు గుర్తుండాది గదా."

"ఆ రేవులో రాయమన్నాడు. ఇప్పుడు బండిలో రాసి రేవులో రాసినా అంటే అబద్ధమే గదయ్యా."

పొదిలి దాటాక అతను అడగడం మానేశాడు. నోరు మూసుకున్నాడని ఎలీషబా జాలిపడింది గానీ, లోపల పని జరుగుతూనే ఉంది. కురిచేడు కొండంత కెరటం, మూడుసార్లు తలకిందులైన ఓడ, పలకలు పళ్ళతో పట్టుకుని ఈదిన తను. ఊరు వచ్చేసరికి కథ తయారు. ఇంతకంటే మంచిది అతను ఎన్నడూ అల్లలేదు.

ఆదివారం వేపచెట్టు కింద ఊరంతా ఉంది. జ్ఞానయ్య కళ్ళజోడు తుడుచుకుని చెయ్యి చాచాడు.

"ఏవీ బావా పలకలు?"

ఇశ్రాయేలు నోరు తెరిచాడు. కెరటం నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఎలీషబా కనిపించింది. నాలుగు ఖాళీ పలకలు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది. కథ అయిపోగానే అందరూ ఆమె వంకే తిరుగుతారు. అవునంటే తన మాట పోతుంది, కాదంటే మొగుడి పరువు పోతుంది.

కెరటాన్ని మింగేశాడు.

"తుడిచేసినా" అన్నాడు. "గోదాములో గడ్డి దుమ్ము తుడుస్తా, చూసుకోకుండా వాటిని కూడా తుడిచేసినా. చెయ్యి అలవాటు. అంతే. సంవత్సరం నోరు మూసుకుంటా."

ఎవరూ నవ్వలేదు. జ్ఞానయ్య ఒక్కొక్క పలకా తీసుకుని ఎండకు పట్టి, వెనకా ముందూ తిప్పి చూశాడు.

"బావా, ఇన్నేండ్లలో ఎన్ని కతలు చెప్పినావు?"

"ఎవరికి గుర్తుండాయి."

"వాటిల్లో ఒక్కదాంట్లోనన్నా నువ్వు ఎర్రిబాగులోడివైనావా?"

ఇశ్రాయేలు ఆలోచించాడు. "లే."

"దీంట్లో అయినావు. నువ్వు కల్పించేవాడివైతే ఇట్లాంటిది కల్పించవు." జ్ఞానయ్య మీసాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా చివరిసారిగా దువ్వుకున్నాడు. "పోయినావు. చూసినావు. నాకు ఇంకేం చదవాల్సిన పని లే."

మర్నాడు బళ్ళో పిల్లలు కొత్త పంతులు వచ్చాడనుకుని లేచి నిలబడి పేరు అడిగారు.

ఆ సాయంత్రం ఇశ్రాయేలు ఇంటి ముందర అరుగు నిండా జనం. మీసం లేని జ్ఞానయ్య కూడా వచ్చి కూర్చున్నాడు. ఎలీషబా లోపల చేట పట్టుకుని సజ్జలు చెరుగుతూ చెవి ఇటే పెట్టింది.

"అసలు జరిగింది ఏందంటే" అంటున్నాడు ఇశ్రాయేలు, "పలకలు తుడిచింది నేను కాదు. మీ ముందర చెప్తే నమ్మరని ఊరకున్నా. కృష్ణపట్నం కాడ రెక్కల చేప ఒకటి, దున్నపోతంత ఉంటాది, ఎగిరొచ్చి ఈమె ఒళ్ళో వాలి, నాలుకతో నాలుగు పలకలూ నాకి పారేసింది."

అందరూ అలవాటు ప్రకారం ఎలీషబా వంక తిరిగారు. జ్ఞానయ్య లేని మీసం మీదికి చెయ్యి పోనిచ్చి, "అక్కా, నాలుకతోనా?" అన్నాడు.

ఎలీషబా చేట ఆపింది. మొగుణ్ణి చూసింది, తమ్ముణ్ణి చూసింది.

"నాలుకతో కాదు" అన్నది. "తోకతో."