గోడవైపు

మా ఇంట్లో మంచం ఎప్పుడూ చల్లబడదు. తెల్లవారుజామున నేను బేకరీ నుంచి వచ్చి వాలేసరికి, మా ఆయన లేచి వెళ్లిన చోటు ఇంకా వెచ్చగానే ఉంటుంది. సాయంత్రం నేను లేచి పనికి బయల్దేరితే, ఆ వెచ్చదనం పూర్తిగా పోకముందే అతను వచ్చి పడుకుంటాడు. పాపం, కోడి కూయకముందే బస్సు తీయాలి మరి. నాది రాత్రి పని, అతనిది పగటి పని. ఇద్దరం గోడవైపే పడుకుంటాం, వంతులవారీగా. రెండేళ్లుగా మా కాపురం ఇదే. పక్క మీద మనిషి జాడ ఉంటుంది గానీ మనిషి ఉండడు.

సెలవు రోజైనా కలిసి పడుకోవచ్చుగా అంటారేమో. నాకు నిద్ర పడితేగా! రాత్రయ్యేసరికి నా చేతులు పిండి కోసం వెతుక్కుంటాయి. వంటింట్లో లైటు వేసుకుని కూర్చుంటాను. పక్క గదిలోంచి అతని గురక వినపడుతుంటుంది. ఆ గురకే నాకు తోడు.

ఇంతలో మా బేకరీ ఓనరమ్మ నన్ను పిలిచింది. "రాత్రి పనంతా ఇకమీదట నీదే. నువ్వు చెప్పినట్టే జరుగుతుంది. అది వద్దనుకుంటే పగటిపూట ముందు కౌంటర్లో అమ్మకానికి రా. ఆదివారం సాయంత్రంకల్లా ఏదో ఒకటి తేల్చెయ్" అంది. అబ్బో, రాత్రి పని నా చేతికొస్తుందంటే మాటలా? ఏ పిండి ఎంతసేపు పొంగాలో, ఓవెన్ ఎప్పుడు తెరవాలో నేను చెప్తే వినాలి అందరూ. కౌంటర్లో నిలబడి కాగితం సంచుల్లో బ్రెడ్ పెట్టి ఇవ్వమంటే నేను వారం తిరక్కుండా ఎండిపోతాను. కానీ రాత్రులకి సరే అన్నానంటే, ఇక మా ఇద్దరి బతుకూ మెట్లమీద ఎదురుపడడమే.

మా ఆయన్ని అడిగాను. ఏమన్నాడో తెలుసా? "నీ ఇష్టం" అన్నాడు.

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. వద్దు అను, ఊరుకుంటాను. సరే అను, సంతోషిస్తాను. పోట్లాడు, నేనూ పోట్లాడతాను. నీ ఇష్టం అంటే ఏమిటి? ఉంటే ఉండు, పోతే పో అనేగా? మంచమంతా తనకే దక్కి సుఖంగా ఉందేమో అని కూడా అనిపించింది. అలా అనిపించిన రాత్రి పిండి కలుపుతూ ఏడ్చాను, కన్నీళ్లు అందులో పడకుండా మొహం పక్కకి తిప్పుకుని.

ఆ ఆదివారం రాత్రి పెద్ద ఓవెన్ చల్లార్చి బాగుచేస్తారని మాకు సెలవిచ్చారు. సంగతి తెలియగానే మా ఆయన తనూ ఆ రోజుకి సెలవు పెట్టి రెండు టిక్కెట్లు పట్టుకొచ్చాడు. మధ్యాహ్నం టౌన్ హాల్లో తీగవాద్యాల కచేరీ అట.

"సంగీతం మీద మోజెప్పట్నుంచీ?" అన్నాను.

"దాని పోస్టరు నా బస్సుకే అంటించారు. నెలంతా ఊరు తిప్పింది నేను. లోపలేముందో చూడొద్దూ?"

అలా ఆ పొద్దున్న పని నుంచి వచ్చి, తలస్నానం చేసి, మంచం వైపు కన్నెత్తి కూడా చూడకుండా చీర మార్చుకున్నాను. చూస్తే పడిపోతానని భయం. అతనేమో అలవాటుకొద్దీ చీకటితోనే లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏం చెయ్యాలో తోచక పక్క సర్దేసి కూర్చున్నాడు.

టౌన్ హాలు దారిలో ఒక మేడమీద హోటలుంది. బయట పలకమీద బ్రంచ్ అని రాసిపెట్టారు. అటు టిఫినూ కాదు, ఇటు భోజనమూ కాదు. మా ఆయనకి అది మధ్యాహ్న భోజనం, నాకు రాత్రి భోజనం. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. ఎండ గాజులోంచి వచ్చి, కాఫీ కప్పుల మీద పడి, అతని మోచేతి దాకా పాకింది. పగటి వెలుతురులో మా ఆయన్ని తీరిగ్గా చూసి ఎన్నాళ్లయిందో. చెవుల దగ్గర తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఎప్పుడొచ్చాయి, నాకు చెప్పకుండా?

ఆమ్లెట్, వేయించిన బంగాళాదుంపలు, పళ్లముక్కలు తెచ్చారు. బ్రెడ్ వచ్చీ రాగానే తిరగేసి అడుగున వేలితో కొట్టి చూశాను.

"ఏమంటోంది?" అన్నాడు.

"తొందరపడి తీశారు. లోపల ఇంకా తడి ఉంది."

"నీ నోట్లోంచి ఒక్క బ్రెడ్డయినా బాగుందన్న మాట రాదు కదా, బేకరీ మహారాణీ."

"నువ్వు మాత్రం? వచ్చిన దగ్గర్నుంచీ కిటికీలోంచి బస్సులు లెక్కపెడుతున్నావు, డ్రైవరుగారూ."

నిజమే అన్నట్టు నవ్వాడు. ఆ నవ్వు చూసి అసలు విషయం ఎత్తబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. "కచేరీ అయ్యేదాకా ఆ మాట వద్దు. ఇవాళ కాస్త ఇలా ఉందాం." అతను అంత నెమ్మదిగా అడిగితే కాదనలేకపోయాను. లోపల మాత్రం కుతకుతా ఉడుకుతూనే ఉంది.

హాలుకి నడిచివెళ్తుంటే రోడ్డు మెత్తగా అనిపించింది. నిద్రలేని కళ్లకి ఎండ కూడా మెత్తగానే ఉంటుంది. సైకిళ్ల మీద పిల్లలు చప్పుడు లేకుండా తేలిపోతున్నారు. ఎవరి బాల్కనీలోనో తెల్లదుప్పటి ఆరేశారు. దాన్ని చూస్తూ ఆగిపోతే, మా ఆయన చెయ్యి పట్టుకుని నడిపించాడు. రోడ్డు దాటాక కూడా వదల్లేదు.

హాలు పాతది. ఎత్తు కిటికీలకి బరువైన తెరలు, కుర్చీలకి మెత్తటి గుడ్డ. నాకు కుడిపక్క మా ఆయన, ఎడమపక్క బూడిదరంగు శాలువా కప్పుకున్న పెద్దావిడ. దీపాలు సన్నగిల్లాయి. వేదిక మీద నల్లబట్టల వాళ్లు వయొలిన్ల మీదికి కమానులు ఎత్తారు. మొదట ఒక్క తీగ మోగింది, తర్వాత మిగతావీ మోగాయి, వాటన్నిటికీ కింద ఏదో లోతైన చప్పుడు, పొంగే పిండిలా, ఎవరూ తాకకుండానే పెరుగుతూ వచ్చింది. బాగుందే అనుకున్నాను. అంతవరకే గుర్తుంది.

కలలో మంచులా పిండి కురుస్తోంది. అందులోంచి దీపాలు వేసుకుని ఒక బస్సు మెల్లగా వస్తోంది. ఖాళీ బస్సు. నేను చెయ్యెత్తకుండానే ఆగింది. ఎక్కబోతుంటే చప్పట్లు.

కళ్లు తెరిచాను. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. నా తల పెద్దావిడ భుజం మీద ఉంది. మా ఆయన తల నా భుజం మీద ఉంది. రెండు తలలూ ఎడమవైపే వాలాయి. ఇంట్లో గోడ మాకు అటువైపు మరి. ఒకరి మీదొకరు వాలాల్సిన మొగుడూపెళ్లాలం కాస్తా వరసకట్టి ముక్కూమొహం తెలియని ఆవిడ మీద పడ్డాం. సిగ్గుతో చచ్చిపోయాను.

"క్షమించండమ్మా, మీ భుజం పట్టేసి ఉంటుంది" అన్నాను.

"రెండో పాటకి నువ్వు వాలావు, నీ వెనకే అతను. కదిలితే ఇద్దరూ పడతారని అలాగే కూర్చున్నా. చప్పట్లకి ఒక్క చెయ్యే మిగిలింది" అంది ఆవిడ, ఒంటి చేత్తో మోకాలి మీద కొట్టుకుంటూ. "మీ ఆయన నిద్రలో మాట్లాడతాడు, తెలుసా?"

"నాకెలా తెలుస్తుందండీ? పక్కన పడుకున్నదెప్పుడు గనక?"

"'ఇవాళొక్కరోజు వెళ్లకు' అంటాడు. మళ్లీ అదే. వెనక వరసవాళ్లు ఉష్ అన్నా మానలేదు."

మా ఆయన అప్పటికి లేచాడు. చెవులదాకా ఎర్రబడి, చొక్కా సరిచేసుకుంటూ తల దించుకున్నాడు. ఆవిడ మాత్రం భుజం నిమురుకుంటూ, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి వెళ్లిపోయింది.

బయట మెట్లమీద కూర్చోబెట్టి నిలదీశాను. "నిద్రలో వెళ్లకు అంటావు. మెలకువలో నీ ఇష్టం అంటావు. నేను ఎవరి మాట వినాలి?"

జేబులోంచి టిక్కెట్టు ముక్క తీసి మడతపెట్టాడు. "వెళ్లకు అంటే నువ్వు మానేస్తావు" అన్నాడు. "మానేసి కౌంటర్లో నిలబడి దిగులుపడతావు. నేనది చూడలేను. నేనే రాత్రి బస్సుకి మారదామనుకున్నా. దానికెవరూ ముందుకు రారు, అడిగితే డిపోలో ఎగిరి గంతేస్తారు."

"మరి అడగలేదేం?"

"నీకు ఒంటరిగా పడుకోవడమే అలవాటైందేమో అనుకున్నా. పక్క ఎప్పుడు చూసినా గోడవైపే నలిగి ఉంటుంది. ఇటుపక్క మడత కూడా చెదరదు."

నాకు కోపం, ఏడుపు రెండూ కలిసొచ్చాయి. "పిచ్చి మాలోకమా, అటు నువ్వు పడుకున్న వెచ్చదనం ఉంటుందని."

అతను నా వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "నేనూ అందుకే" అన్నాడు.

ఆ మెట్లమీదే కూర్చుని ఓనరమ్మకి ఫోన్ చేశాను. రాత్రులు నేనే చూసుకుంటానన్నాను. గొంతు అలా ఉందేమిటి, ఏడుస్తున్నావా అని అడిగింది. నిద్ర చాల్లేదండీ అన్నాను. అటుపక్క మా ఆయన డిపోకి ఫోన్ చేస్తున్నాడు. రాత్రి బస్సు కావాలని అడిగితే అవతలివాళ్లు నమ్మినట్టు లేదు, మళ్లీ మళ్లీ చెప్పాడు.

ఇంటికి చేరేసరికి ఇంకా చీకటి పడలేదు. తెర లాగి ఇద్దరం ఒకేసారి గోడవైపుకే ఒరిగాం. తలలు ఢీకొన్నాయి. నవ్వుకుని, నుదుళ్లు రుద్దుకుని, మధ్యకి జరిగాం.

పక్క చల్లగా ఉంది. పొద్దుట్నుంచీ దానిమీద ఎవరూ పడుకోలేదు కదా. రెండేళ్లలో మా మంచం చల్లబడడం అదే మొదటిసారి. కాళ్లు ముడుచుకుని, అది వెచ్చబడేదాకా ఇద్దరం కదలకుండా పడుకున్నాం.